రథం కాలిన ఏడాది మా ఇంట్లో

మాది సఖినేటిపల్లి. వశిష్ఠ గోదారికి ఇవతల మేము, అవతల నరసాపురం. చీర కొనాలన్నా, పంటి డాక్టరుకి చూపించుకోవాలన్నా పంటు ఎక్కి అటు దాటడమే మాకు అలవాటు. అటు నుంచి వచ్చే జనంలో సగం మంది రేవు దిగి అంతర్వేది దారి పడతారు. మా ఇల్లు ఆ దారి పక్కనే. రోడ్డుకి ఇటు మా పేట, అటు ఊరు. పేట మొదట్లో మొదటి ఇల్లు మాది కాబట్టి, ఊళ్ళోవాళ్ళ గుమ్మాలు మాకూ మా గుమ్మం వాళ్ళకీ కనిపిస్తూనే ఉంటాయి. ఎవరింట్లో చేపల పులుసు, ఎవరింట్లో మొగుడూ పెళ్ళాల గొడవ అనేది దాచాలన్నా దాగదు.

మేము క్రైస్తవులం. మా ఆయన వాళ్ళ తాతగారి కాలం నుంచీ ఇదే. నేనూ ఇందులోనే పుట్టాను. హైదరాబాదులో ఉండే నా చదువుకున్ననాటి స్నేహితురాలు మొన్న ఫోనులో అడిగింది, "మిమ్మల్ని అన్నేసి మాటలు అంటారు కదే, మీ వాళ్ళకి కోపం రాదా? అందరికీ నవ్వుతూ వందనాలు చెబుతారేంటి?" అని. కోపం రాకపోవడం ఏమిటండీ! ఉప్పూ కారం మేమూ తింటున్నాం. వస్తుంది, వచ్చాక ఏం చేస్తామన్నదే సంగతి. అది ఫోనులో చెప్పేది కాదనిపించి ఇలా రాస్తున్నాను.

ముందు మా అత్తయ్యగారి గురించి చెప్పాలి. ఆవిడ లేసు అతుకుతారు. మా వైపు ఆడవాళ్ళకి ఈ పని తెలిసిందే, మిగతావాళ్ళ కోసం చెబుతాను. నరసాపురం లేసులో ఒకే మనిషి మొత్తం అల్లేయదు. ఒకావిడ పువ్వులు అల్లుతుంది, ఇంకొకావిడ అంచు అల్లుతుంది. ఆ పువ్వులన్నీ కలిపి టేబులు గుడ్డో, దిండు గలీబో చెయ్యడం అతుకుపని. దానికి చెయ్యి కుదరాలి. దారం కాస్త బిగిస్తే గుడ్డ ముడుచుకుపోతుంది, వదిలితే జాలరి వలలా వేలాడుతుంది. ఈ అల్లికని మెక్రే అనే మిషనరీ దంపతులు నేర్పారని ఇక్కడ అందరూ చెబుతారు. అయితే ఇది చర్చిలోనే ఆగిపోలేదు. గుమ్మం దాటని కాపుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా పగలంతా ఇంట్లో కూర్చుని ఇదే అల్లారు. మారియా మీస్ అని జర్మనీ ఆవిడ ఒకరు ఇక్కడికొచ్చి మరీ చూసి, ఈ ఆడవాళ్ళ కూలీ ఎంత తక్కువో 1982లో పుస్తకం వేశారు. 2024లో ఈ లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కూలీ సంగతి మాత్రం అడక్కండి.

రోడ్డు అవతల ఎదురింటి పిన్నిగారు పువ్వులు అల్లేవారు, మా అత్తయ్యగారు అతికేవారు. ఇరవై ఏళ్ళ నుంచీ అంతే. మధ్యాహ్నం రెండింటికి సంచీ పట్టుకుని ఆవిడ రావడం, మా అరుగు మీద కూర్చోవడం, పువ్వులు లెక్కపెట్టడం, ఆ పైన గంటసేపు ఊరి కబుర్లు. మా ఇంట్లో మంచినీళ్ళు మాత్రం తాగేవారు కాదు. ఎప్పుడూ అడగలేదు, మేమూ ఇవ్వలేదు. అరుగు వరకే. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఇది చూసి మండిపోయేదాన్ని. అత్తయ్యగారు మాత్రం, "వస్తోంది కదా" అనేవారు.

ఇక 2020 సెప్టెంబరు 6. అది ఆదివారం. కరోనా రోజులు, మాస్కులు వేసుకుని దూరం దూరంగా కూర్చుని ఆరాధన చేసుకుంటున్నాం. వెనక వరసలో ఎవరి ఫోనో మోగింది, ఆ వెంటనే గుసగుసలు మొదలయ్యాయి. అంతర్వేదిలో లక్ష్మీ నరసింహస్వామివారి రథం రాత్రి కాలిపోయిందని. సుమారు అరవై ఏళ్ళనాటి టేకు రథం, షెడ్డులోనే బూడిదైపోయింది. అత్తయ్యగారు "అయ్యో, రథమే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ పుట్టిల్లు అంతర్వేదిపాలెం. చిన్నప్పుడు తీర్థానికి వాళ్ళ నాన్న భుజం మీద కూర్చుని ఆ రథం లాగుతుంటే చూశారట, జీళ్ళు కొనిపెట్టే దాకా దిగేవారు కాదట. మా దేవుడు వేరు కావచ్చు. చిన్ననాటి తీర్థం మాత్రం ఆవిడదే కదండీ. అయ్యగారు ప్రసంగం ఆపి, ఆ గుడి కోసం, మనసు కష్టపడినవాళ్ళ కోసం ప్రార్థన చేశారు.

రెండు రోజులు తిరక్కుండా నేరం మా మీదకి వచ్చింది. ఎవరు అన్నారంటే ఏం చెప్పను, అందరి ఫోన్లూ అన్నాయి. మంగళవారం అంతర్వేదిలో పెద్ద నిరసన జరిగింది, మంత్రులు వచ్చారు, ఆ గొడవలో కొందరు అక్కడి చర్చి మీద రాళ్ళు వేశారు. అద్దాలు పగిలాయి. పోలీసులు కొందర్ని అరెస్టు చేశారు. ప్రభుత్వం దర్యాప్తు సీబీఐకి ఇవ్వాలని కోరింది. ఇదంతా పేపర్లలో వచ్చిందే. పేపర్లలో రానిది మా వీధిలో జరిగింది.

ఒక వాట్సాప్ మెసేజీ వచ్చింది. మా సంఘం అయ్యగారి ఫోటో పెట్టి, "శనివారం రాత్రి ఇతను గుడి దగ్గర ఎందుకు తిరిగాడు?" అని రాశారు. శనివారం రాత్రి ఆయన మా ఇంట్లో ఉన్నారు. మావయ్యగారికి ఒంట్లో బాగోలేదని ప్రార్థనకి వచ్చి, పెసరట్టు తిని, తొమ్మిదిన్నరకి సైకిలు మీద ఇంటికెళ్ళారు. ఆ అట్టు వేసింది నేను. అయినా ఆ ఫోటో ఒక్క పూటలో మోరి నుంచి అప్పనరామునిలంక దాకా తిరిగేసింది. ఆయనకి ఫోన్లు మొదలయ్యాయి. అమ్మగారు, అదే ఆయన భార్య, రాత్రిళ్ళు లైటు తియ్యకుండా కూర్చునేవారు. పది రోజులు ఆయన గుమ్మం దిగలేదు.

మా మరిది ఊరుకోలేదు. ఆ మెసేజీ ముందు ఎవరు పెట్టారా అని ఒక్కొక్కర్నీ అడుగుతూ వెనక్కి వెళ్ళాడు. చివరికి ఎదురింటి పిన్నిగారి అబ్బాయి దగ్గర తేలింది. డిగ్రీ చదివే కుర్రాడు. చిన్నప్పుడు మా అరుగు మీద లేసు దారం కండెలతో బొంగరాలు ఆడుకున్నవాడే. రెండు వారాల నుంచీ ఆవిడ పువ్వుల సంచీ పట్టుకుని ఎందుకు రావడం లేదో అప్పుడు తెలిసింది. ఆవిడ పువ్వులు గోదారి దాటి నరసాపురంలో ఇంకెవరి దగ్గరకో వెళుతున్నాయట. మాకు సగం పని పోయింది. అత్తయ్యగారి చేతి ఖర్చుకీ, మావయ్యగారి మందులకీ వచ్చేది ఆ డబ్బే.

మరిది ఫిర్యాదు కాగితం రాశాడు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం దాని చుట్టూ కూర్చున్నాం. మావయ్యగారు వద్దన్నారు, "శత్రువుని ప్రేమించమన్నారు కదరా" అని. మా ఆయన ఎటూ చెప్పలేదు. ఆయన ఎప్పుడూ అంతే. మరిది మాత్రం, "ప్రేమించడం అంటే దెబ్బలు తినడమా నాన్నా? ఊళ్ళో ఎవడు ఏమన్నా ప్రేమించే డ్యూటీ మన పేటదేనా?" అన్నాడు. వాడు అడిగినది నాకు న్యాయంగానే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

అత్తయ్యగారు ఇద్దరి మాటా తియ్యలేదు. "కాయితం ఇవ్వరా, తప్పు లేదు. అయ్యగారి పేరు పోయింది, అది మనది కాదు వదిలెయ్యడానికి. కానీ ఇచ్చే ముందు ఆ కుర్రాడి తల్లికి చెప్పి ఇవ్వు. వెనక నుంచి కొట్టకు" అన్నారు. చెప్పడానికి వాడు వెళ్ళనన్నాడు. ఆవిడే వెళ్ళారు. మాస్కు వేసుకుని, రోడ్డు దాటి, వాళ్ళ గేటు దగ్గర నిలబడి చెప్పారు. లోపలికి రమ్మనలేదు. నేను మా అరుగు మీద నుంచి చూస్తున్నాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగొచ్చి, "ఆవిడకి ముందే తెలుసు పాపం. రాత్రుళ్ళు నిద్ర పోవట్లేదంట" అని అతుకుపని తీసుకుని కూర్చున్నారు.

మర్నాడు సాయంత్రానికి అదే గ్రూపులో ఆ కుర్రాడు రాశాడు. తాను పెట్టినది అబద్ధమనీ, ఎవరో పంపితే చూసుకోకుండా పెట్టాననీ. తప్పయిందని లేదు, అబద్ధమని ఉంది. మరిది కాగితం చించలేదు, ఇవ్వనూ లేదు. బీరువాలో ఉంది. మొదటి మెసేజీ తిరిగినంత దూరం ఈ రెండోది తిరగలేదని వాడి బాధ. నిజమే, అబద్ధానికి ఉన్న కాళ్ళు నిజానికి ఎక్కడివి? అయ్యగారు ఆ ఆదివారం ప్రార్థనలో ఆ కుర్రాడి పేరు ఎత్తి దీవించమని అడిగారు. మరిది కళ్ళు మూసుకోలేదు. నేను చూశాను, అంటే నేనూ మూసుకోలేదన్నమాట.

ఇలాంటివి జరిగినప్పుడు నాకు గ్లాడిస్ స్టెయిన్స్ గుర్తొస్తారు. ఆవిడ కథ చాలామందికి తెలుసు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆవిడ భర్త గ్రాహం స్టెయిన్స్‌నీ, పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ జీపులోనే తగలబెట్టారు. కుష్ఠు రోగులకి సేవ చేసే కుటుంబం. ఆవిడ క్షమించానన్నారు. అంతవరకే చెప్పి ఆపేస్తారు మా కూడికల్లో, అందరూ కళ్ళు తుడుచుకుంటారు. నాకు ముఖ్యమనిపించేవి ఆ తర్వాతివి. ఆవిడ కూతుర్ని తీసుకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోలేదు. 2004 దాకా బారిపదలోనే ఉండి ఆ రోగుల పనే చూసుకున్నారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంకోటి, క్షమించడం వేరు, నేరానికి చట్టప్రకారం జరగాల్సింది వేరు అని ఆవిడ స్పష్టంగా చెప్పారు. రెండూ కలిపెయ్యొద్దన్నారు. దారాసింగ్‌కి పడిన ఉరిశిక్షని హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆవిడ మనసులో కక్ష లేదు, కోర్టు తన పని తాను చేసుకుంది. మా మరిది అడిగిన ప్రశ్నకి నాకు తెలిసినంతలో దగ్గరగా వచ్చే జవాబు ఇదే. మా అత్తయ్యగారు గ్లాడిస్ పేరు కూడా వినలేదు. ఆవిడ మా మరిదితో అన్నదీ దాదాపు అదే కదా అని నాకు తర్వాత తట్టింది.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. చట్టం తన పని తాను చేసుకుంటుందని చెప్పడానికి, ఆ చట్టం మన వైపు తలుపు తీసి ఉండాలి కదా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకీ, తర్వాత చేర్చిన సిక్కులకీ బౌద్ధులకీ తప్ప ఎస్సీ హోదా ఉండదు. 2025లో మన రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్ళకి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఒక పాస్టరుగారి కేసులో తీర్పు ఇచ్చింది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి అట. వినడానికి బాగుంది. రోడ్డు అవతలివాళ్ళకి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. మమ్మల్ని ఎవరన్నా తిడితే అందులో సగం యేసుకి, సగం పేటకి. ఏ సగం దేనికో విడదీసి చూపించమంటే ఎలా?

నవంబరులో పిన్నిగారు వచ్చారు. సంచీ పట్టుకుని. విదేశాలకి పోవాల్సిన సరుకు, అతుకు బాగోలేదని ఏజెంటు వెనక్కి పంపాడట, నాలుగు రోజుల గడువట. అరుగు కింద నిలబడే చెప్పారు, పైకి ఎక్కలేదు. అత్తయ్యగారు గుడ్డ అందుకుని వెలుతురులో పట్టి చూసి, "ఎవరమ్మా ఇది అతికింది, ముగ్గు కర్రతో అతికిందా ఏంటి" అన్నారు. అంతే. ఇద్దరికీ నవ్వొచ్చింది. రాని మనిషి వచ్చిందన్న మాటే లేదు. మూడు రాత్రులు కూర్చుని, ఆ అతుకులన్నీ విప్పి మళ్ళీ అతికారు. విప్పడమే కష్టం, పువ్వు తెగకూడదు. కూలీ మాత్రం లెక్కపెట్టి తీసుకున్నారు, విప్పినదానికి వేరేగా. "ఊరికే చేసిస్తే ఆవిడ రేపు తలెత్తి రాలేదు" అని నాతో అన్నారు. నేనైతే ఒక్క మాటైనా అడిగేదాన్ని, మీ అబ్బాయి అలా ఎందుకు చేశాడని. ఆవిడ అడగలేదు. పిన్నిగారు చెప్పనూ లేదు.

ఆ డిసెంబరులో కేరల్స్‌కి రోడ్డు దాటాలా వద్దా అని సంఘంలో పెద్ద చర్చ. ప్రతి ఏడూ అవతల కూడా నాలుగు ఇళ్ళ ముందు పాడేవాళ్ళం, కొబ్బరికాయో పది రూపాయలో ఇచ్చేవాళ్ళు. చివరికి దాటాం, డప్పు లేకుండా. పిన్నిగారు బయటికి రాలేదు, వరండా లైటు మాత్రం వేశారు. అయ్యగారు దాన్నే పెద్ద విజయంలా మర్నాడు చెప్పారు. నాకు మరీ అంత అనిపించలేదు.

అసలు సంగతి ఫిబ్రవరిలో. అంతర్వేదికి కొత్త రథం తయారైంది. 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమినాడు, ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభించారు. ఆ తర్వాత కల్యాణం, భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రోజుల్లో మా రోడ్డు మీద జనం కాలువలా పారతారు. మావయ్యగారి తల్లి కాలం నుంచీ మా గుమ్మం ముందు కుండలో మంచినీళ్ళు పెట్టడం అలవాటు. నడిచిపోయేవాళ్ళ కోసం. ఎవరికోసం అని ఎవరూ అడగలేదు, ఎవరి ఇల్లని తాగేవాళ్ళూ అడగలేదు. ఆ ఏడాది పెట్టొద్దని నేను గట్టిగానే అన్నాను. ఎవరైనా నీళ్ళలో ఏదో కలిపారని ఒక మెసేజీ పెడితే చాలు కదా. మా ఆయన కూడా నా మాటే సరే అన్నారు. అత్తయ్యగారు తెల్లారేసరికి కుండ కడిగి, ఇసక పోసి, పెట్టేశారు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముందు తానొక గ్లాసు తాగి, ఆ తర్వాత పొయ్యడం మొదలెట్టారు. నా భయానికి ఆవిడ ఇచ్చిన జవాబు అదీ.

ఎండ ముదిరాక ఒకావిడ పిల్లని చంకనేసుకుని వచ్చారు. గ్లాసు అందుకున్నాక తలెత్తి మా తలుపు చూశారు. కొత్త సంవత్సరం వాగ్దానం కాగితం అతికించి ఉంటుంది కదా మా ఇళ్ళకి. ఆ కాగితం చూసి, గ్లాసులో నీళ్ళు మా గుమ్మం ముందు ముగ్గు మీదే పారబోసి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయారు. చంకలో పిల్ల ఏడుస్తోంది, దాహానికే అయుంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. అత్తయ్యగారు గ్లాసు తీసి కడిగి, "పోసింది నేను, పారబోసింది ఆవిడ. కుండ అడుగంటింది, రెండు బిందెలు తెచ్చి పొయ్యి" అన్నారు. తెచ్చి పోశాను. ఏడుస్తూ పోశాను. ఆవిడ చూసి కూడా చూడనట్టే ఉన్నారు. అప్పటికే ఒక ముసలాయన దోసిలి పట్టి వంగి నిలబడ్డాడు. ఎదురుగా పిన్నిగారు వరండాలో నిలబడి అంతా చూశారు. చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఒక గంట పోయాక వాళ్ళ అబ్బాయి, ఆ కుర్రాడే, ఒక సంచీ నిండా నిమ్మకాయలు తెచ్చి అరుగు మీద పెట్టి, మజ్జిగలో పిండమందని చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళాడు.

మా మరిది ఆ మజ్జిగ తాగలేదు. ఇప్పుడు వాడు కువైట్‌లో ఉన్నాడు. ఫోను చేసినప్పుడు ఎప్పుడైనా ఈ మాట వస్తే, "నిమ్మకాయలతో సరిపెట్టుకున్నారు" అని ఎగతాళి చేస్తాడు. ఎగతాళిలో వాడి నొప్పి తెలుస్తుంది. వాడు అడిగే ప్రశ్న చిన్నది కాదు.

1830ల్లో, ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బౌడెన్, బీర్ అని ఇద్దరు భార్యలతో సహా మా ఎదుటి ఒడ్డుకి వచ్చారు. ఒకాయన రాళ్ళు చెక్కే మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టే పనివాడు. గోదావరి డెల్టా మిషను వాళ్ళతోనే మొదలు. జార్జి బీర్ 1853లో చనిపోయారు. బౌడెన్ 1876 దాకా ఈ గోదారి గాలిలోనే ఉన్నారు. మా కూడికల్లో వాళ్ళ ఓర్పు గురించి బాగా చెబుతారు. వాళ్ళు గొప్పవాళ్ళే. కానీ వాళ్ళు తెల్లవాళ్ళు, వాళ్ళ మాట వినే దొరలు ఉండేవారు. వాళ్ళ మాట విని ఈ నమ్మకం పట్టుకున్న పేట ఆడదానికి ఏ దొర ఉన్నాడు? మావయ్యగారి తల్లి బాప్తిస్మం పుచ్చుకున్న ఏడాది ఆవిడని పొలం పనికి పిలవలేదట. ఆవిడ ఏం చేసిందని ఏ పుస్తకంలోనూ లేదు. రోడ్డు మీద కుండ పెట్టిందని మాకు మాత్రం తెలుసు.

ఇప్పుడు పిన్నిగారు వస్తున్నారు, అరుగు ఎక్కుతున్నారు. పువ్వులు లెక్కపెడుతున్నారు. నీళ్ళు ఇప్పటికీ తాగరు. అత్తయ్యగారికి మోకాళ్ళు పట్టేశాయి, కల్యాణం రోజుల్లో కుండ దగ్గర కూర్చునే పని నాకు వచ్చింది. పాత కుండకి బీట పడింది, ఆదివారం వెళ్ళాక పంటు దాటి కొత్తది తేవాలి. ఈసారి కొళాయి ఉన్నది తెమ్మంటున్నారు ఆవిడ. "మన చేత్తో పోస్తే తాగనివాళ్ళు ఉంటారు కదా, వాళ్ళే తిప్పుకుని తాగుతారు" అట. నాకిది నచ్చలేదు. మన చెయ్యి తగలకూడదనుకునేవాళ్ళకి మనమే దారి చేసివ్వడం ఏమిటని నేను. దాహం వేసినవాళ్ళకి అడ్డం పెట్టడం ఏమిటని ఆవిడ. వారం నుంచీ ఇదే వాదన మా వంటింట్లో. కుండ ఇంకా కొనలేదు.